అంటువ్యాధులు, శరీర రక్షణ : కంఠసర్పి నేర్పే పాఠం

హైదరాబాదు నల్లకుంటలోని ప్రభుత్వ జ్వరాల ఆసుపత్రిని నేటికీ చాలామంది ‘కోరంటి దవాఖానా’ అనే పిలుస్తారు. కోరంటి అన్నది క్వారంటైన్ అనే మాటకు మన జనం నోట పడిన రూపం. ఇటలీ భాషలో ఆ మాటకు మూలం ‘నలభై’. పూర్వం ప్లేగు భయంతో వెనిస్ రేవుకు వచ్చిన ఓడలను నలభై రోజులు దూరంగా నిలిపివేసేవారు. ఆ మాటే ఓడలు దాటి, దేశాలు దాటి, నిజాం పాలనలో 1915లో ఏర్పడిన ఒక దవాఖానాకు పేరై నిలిచింది. మలేరియా క్రిమిని దోమ కడుపులో 1897లో సికింద్రాబాదులో కనుగొన్న సర్ రొనాల్డ్ రాస్ పేరు ఆ ఆసుపత్రికి తరువాత పెట్టారు.

కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల వారికి ఆ దవాఖానా దూరమే. కోదాడ నుండి 170 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. కాని అంటువ్యాధికి ఇది పెద్ద దూరం కాదు. హైదరాబాదు - విజయవాడ రహదారి మన ఊళ్ళ నడుమగా పోతున్నది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు, సాగరు ఎడమ కాలువ కింది పొలాలకు ఎక్కడెక్కడి నుండో కూలీలు వస్తారు. మన పిల్లలు చదువులకు నగరానికి వెళ్తారు, పండుగలకు తిరిగి వస్తారు. జాన్‌పహాడ్ ఉర్సుకు వేలాదిమంది ఒకచోట చేరుతారు. మనిషి వెళ్ళిన ప్రతిచోటికి అతని గొంతులోని క్రిమి కూడా వెళుతుంది.

ఇంతకూ ఈ వ్యాసానికి కారణమైన విషయం ఇది. హైదరాబాదులో 2003 నుండి 2006 వరకు కనిపించిన కంఠసర్పి వ్యాధిని, అనగా డిఫ్తీరియాను, కొందరు వైద్య పరిశోధకులు పరిశీలించి 2008లో తమ ఫలితాలను ప్రకటించారు. అయిదు నుండి పందొమ్మిది ఏళ్ళ లోపువారిలోను, ఆడవారిలోను, ముస్లిములలోను ఈ వ్యాధి ఇతరులకంటె ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఇది చదివి నొచ్చుకోవడం సులభం, కొట్టిపారేయడం ఇంకా సులభం. కాని పసిపిల్లల ప్రాణాలతో ముడిపడిన సంగతి గనుక, ‘ఎందుకు?’ అని నిదానంగా అడిగి తెలుసుకోవడమే మన విధి. జవాబు ఆ పరిశోధనలోనే ఉన్నది. అది అర్థం కావాలంటే ముందు రోగక్రిముల గూర్చి, వాటిని ఎదిరించే శరీర శక్తుల గూర్చి కొంత తెలుసుకోవాలి.

శత్రువులు ఎవరు?

కంటికి కనిపించని జీవులన్నీ మనకు శత్రువులు కావు. పాలను పెరుగు చేసేది సూక్ష్మజీవే. మన పేగులలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు మనకు మేలు చేస్తూ బ్రతుకుతున్నాయి. వాటిలో కొద్ది జాతులు మాత్రమే రోగకారకాలు.

వీటిని ముఖ్యంగా నాలుగైదు తరగతులుగా చెప్పవచ్చు. మొదటివి వైరస్‌లు. ఇవి ఇతర జీవకణంలో దూరితే తప్ప వృద్ధి చెందలేవు. తట్టు, డెంగ్యూ, పోలియో, జలుబు వీటివల్ల వస్తాయి. రెండవవి బాక్టీరియాలు. ఒకే కణం గల ఈ జీవులే క్షయ, కలరా, టైఫాయిడ్, కంఠసర్పి రోగాలకు కారణం. మూడవవి ప్రోటోజోవాలు. మలేరియా క్రిమి, అమీబా ఈ జాతివి. తామర వంటి చర్మరోగాలు కలిగించే శిలీంధ్రాలు, పేగులలో చేరే నులిపురుగులు తరువాతివి.

శత్రువు వచ్చే దారి తెలిస్తే సగం రక్షణ దొరికినట్లే. కలరా, టైఫాయిడ్ నీటి ద్వారా, ఆహారం ద్వారా వస్తాయి. మలేరియా, డెంగ్యూ దోమకాటు ద్వారా వస్తాయి. క్షయ, తట్టు గాలి ద్వారా వ్యాపిస్తాయి. కంఠసర్పి ప్రధానంగా రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, దగ్గరగా మాట్లాడినప్పుడు వెలువడే తుంపరల ద్వారా అంటుకుంటుంది. అందుకే ఇరుకు ఇళ్ళలో, ఒకే గదిలో పలువురు పడుకునే చోట్ల, వసతి పాఠశాలల్లో దానికి దారి సులువు.

శరీరపు కోటగోడలు

ఇన్ని క్రిముల మధ్య మనం రోజూ ఆరోగ్యంగా నిద్ర లేవడమే ఒక విశేషం. శరీరంలో ఒకదాని వెనుక ఒకటిగా మూడు రక్షణ వరుసలు ఉన్నాయి.

మొదటిది బయటి గోడ. తెగని చర్మం గుండా చాలా క్రిములు ప్రవేశించలేవు. ముక్కు, శ్వాసనాళాలలోని జిగురు క్రిములను పట్టి ఉంచుతుంది. అక్కడి సన్నని కేశాల వంటి నిర్మాణాలు ఆ జిగురును పైకి నెట్టివేస్తాయి. కడుపులోని ఆమ్లం మింగిన క్రిములను చాలావరకు చంపుతుంది. కన్నీటిలో, లాలాజలంలో కూడా కొన్ని బాక్టీరియాలను కరిగించే పదార్థం ఉన్నదని 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ చూపాడు.

ఈ గోడ దాటి వచ్చిన క్రిమిని రెండవ వరుస ఎదుర్కొంటుంది. అవి తెల్ల రక్తకణాలు. వీటిలో కొన్ని క్రిమిని చుట్టుముట్టి మింగి అరిగించుకుంటాయి. దెబ్బ తగిలిన చోట ఎర్రబడి, వాచి, చీము పట్టడం ఈ పోరాటానికి గుర్తు. ఈ సంగతిని కనుగొన్న మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రవేత్తకు 1908లో నోబెల్ బహుమతిలో పాలు లభించింది.

మూడవ వరుస అన్నిటికంటె వింతైనది. దానికి గుర్తుపట్టే శక్తి ఉన్నది. ఒక క్రిమి గాని, దాని విషం గాని మొదటిసారి వచ్చినప్పుడు, దానికి సరిగ్గా అతికే ప్రతిరక్షకాలను తయారుచేయడానికి శరీరానికి కొన్నాళ్ళు, ఒక్కొక్కప్పుడు రెండు వారాలు పడుతుంది. పోరాటం ముగిశాక ఆ శత్రువు పోలికను గుర్తుంచుకునే కణాలు కొన్ని మిగులుతాయి. అదే శత్రువు మళ్ళీ వస్తే ఆలస్యం ఉండదు. ప్రతిరక్షకాలు వెంటనే, ఎక్కువగా తయారవుతాయి. టీకా మందు అనే విద్య అంతా ఈ జ్ఞాపకం మీదనే ఆధారపడి ఉన్నది. రోగం తేకుండా శత్రువు పోలికను శరీరానికి ముందే చూపించడమే టీకా.

తోలు వంటి పొర

కంఠసర్పి సోకిన పిల్లవాడికి మొదట కొద్దిపాటి జ్వరం, గొంతు నొప్పి కనిపిస్తాయి. ఒకటి రెండు రోజుల్లో గొంతులో, గవదల మీద బూడిదరంగు పొర ఏర్పడుతుంది. గీకబోతే అది ఊడదు, రక్తం వస్తుంది. ఆ పొర తోలులా ఉంటుందని ఫ్రాన్సు దేశపు వైద్యుడు బ్రెటనో 1826లో రోగానికి తోలు అనే అర్థంగల ‘డిఫ్తెరా’ అనే గ్రీకు మాట నుండి పేరు పెట్టాడు. వ్రాయడానికి సిద్ధం చేసిన తోలును కూడా గ్రీకులు ఆ మాటతోనే పిలిచేవారు. అదే పారశీక, అరబీ భాషల్లోకి వచ్చి ‘దఫ్తర్’ అయింది. మన కచేరీలలోని దఫ్తరుకు, ఈ భయంకర రోగానికి మూలం ఒకే మాట!

ఈ రోగ క్రిమిని 1883లో క్లెబ్స్ చూశాడు. 1884లో లోఫ్లర్ దానిని వేరుచేసి పెంచాడు. అప్పుడొక చిక్కు వచ్చింది. క్రిమి గొంతులోనే ఉంటుంది, కాని రోగి గుండె ఆగి చనిపోతున్నాడు. గొంతులోని క్రిమి గుండెను ఎలా చంపుతున్నది? 1888లో పారిస్‌లో రూ, యెర్సిన్ అనేవారు క్రిములను వడగట్టి తీసివేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే జంతువులకు ఎక్కించారు. అవి చనిపోయాయి. చంపుతున్నది క్రిమి వదిలే విషమని దానితో రుజువైంది.

ఈ విషం రక్తంలో ప్రవహించి గుండెను, నరాలను చేరుతుంది. కణంలో చేరి, మాంసకృత్తులు తయారయ్యే పనిని ఆపివేస్తుంది. ఒక్క అణువు లోపలికి పోయినా ఆ కణం చావగలదని 1978లో జపాను పరిశోధకులు చూపారు. అందుకే గొంతు తేలికపడిన తరువాత కూడా, ఒకటి రెండు వారాలకు గుండె దెబ్బతినవచ్చు. తరువాతి వారాల్లో అంగుడి నరాలు చచ్చుబడి, త్రాగిన నీళ్ళు ముక్కు నుండి రావచ్చు.

గుర్రపు రక్తం నుండి టీకా దాకా

1890లో జర్మనీలో బెహ్రింగ్, జపాను నుండి వచ్చిన కిటసాటో ఒక ఉపాయం కనిపెట్టారు. జంతువుకు ఈ విషాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేస్తే దాని రక్తంలో విషానికి విరుగుడు తయారవుతుంది. ఆ రక్తపు సీరమును మరొక ప్రాణికి ఎక్కిస్తే దానికీ రక్షణ దొరుకుతుంది. గుర్రాల నుండి తీసిన ఆ సీరము ఎందరో పిల్లలను బ్రతికించింది. వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో బెహ్రింగ్‌కు వచ్చింది ఇందుకే.

నేటికీ కంఠసర్పికి ముఖ్యమైన చికిత్స ఈ సీరమే. పెన్సిలిన్, ఎరిత్రోమైసిన్ వంటి మందులు క్రిమిని చంపుతాయి, ఇతరులకు అంటకుండా చేస్తాయి. కాని అప్పటికే వెలువడిన విషాన్ని అవి ఏమీ చేయలేవు. సీరము సైతం రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టగలదు, కణంలోకి చొరబడినదానిని పట్టలేదు. ఇక్కడ ప్రతి గంటా విలువైనదే. వైద్యం అందినా పదిమందిలో ఒకరి దాకా చనిపోయే రోగమిది.

తరువాత 1923లో ఫ్రాన్సులో రామోన్ అనే పశువైద్యుడు ఈ విషాన్ని ఫార్మలిన్‌తో, వేడితో శుద్ధిచేసి దాని హానిని పోగొట్టాడు. కోరలు తీసిన పాములాంటిది అది. పోలిక మిగిలింది, విషం పోయింది. దానిని సూదిగా ఇస్తే శరీరం అసలు విషాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. మన పిల్లలకు వేసే డి.పి.టి., పెంటావాలెంట్ సూదులలో కంఠసర్పి భాగం ఇదే.

మరుపు అనే ప్రమాదం

ఇక మన ప్రశ్నకు వద్దాం. టీకా ఉన్నది, ఉచితంగా దొరుకుతున్నది. భారతదేశంలో 1978 నుండి టీకాల కార్యక్రమం నడుస్తున్నది. అయినా హైదరాబాదులో కంఠసర్పి ఎందుకు ఉన్నది?

శరీరపు జ్ఞాపకం అన్ని రోగాల విషయంలో ఒకేలా ఉండదు. తట్టు ఒకసారి వస్తే సాధారణంగా జీవితకాలం రక్షణ ఉంటుంది. కంఠసర్పి అలా కాదు. రోగం వచ్చి తగ్గినవారికి కూడా చాలినంత రక్షణ మిగలకపోవచ్చు. అందుకే కోలుకున్నవారికీ టీకా వేయాలి. పసితనంలో వేసిన మూడు సూదుల బలం కూడా ఏళ్ళు గడిచేకొద్దీ తరిగిపోతుంది. శరీరానికి మళ్ళీ మళ్ళీ గుర్తుచేయాలి. దానినే బూస్టరు సూది అంటారు.

హైదరాబాదు పరిశోధనలో తేలింది ఇదే. నాలుగు గాని, అంతకు ఎక్కువ గాని మోతాదులు వేయించుకున్నవారికి టీకా బాగా పనిచేసింది. కాని బూస్టర్లు వేయించుకున్నవారు తక్కువ, ముస్లిములలో మరీ తక్కువ. రోగం బడి ఈడు పిల్లలను పట్టుకోవడానికి కారణం ఇక్కడ కనిపిస్తున్నది. బిడ్డ ఒడిలో ఉన్నన్నాళ్ళు సూదులు వేయిస్తాము, నడక వచ్చాక మరచిపోతాము. క్రిమికి మతం తెలియదు. తెరచి ఉన్న తలుపు మాత్రమే తెలుసు.

ఈ మరుపు మన నగరంలోనే జరిగిందని అనుకోనక్కరలేదు. సోవియట్ యూనియన్ చీలిన రోజుల్లో, 1990 నుండి 1998 లోపల, అక్కడి రాజ్యాలలో లక్షన్నర మందికి పైగా కంఠసర్పి పాలబడ్డారు. దాదాపు అయిదువేల మంది చనిపోయారు. వారిలో పెద్దవారు చాలామంది. బాల్యంలోని రక్షణ వారిలో తరిగిపోయి ఉన్నది. 2017 చివర బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాలలో తలదాచుకున్న రొహింగ్యాలలో ఈ రోగం వేలమందికి వ్యాపించింది. వారికి సూదులు అందలేదు. మనకు అందుబాటులో ఉండీ వదలివేస్తే అది మన లోపమే.

మరొక సంగతి. ఈ టీకా ముఖ్యంగా విషాన్ని అడ్డుకుంటుంది. క్రిమి గొంతులో కాపురం పెట్టడాన్ని పూర్తిగా ఆపలేదు. సూది వేయించుకున్నవారు జబ్బు పడకుండానే క్రిమిని మోయవచ్చు. కనుక ‘చుట్టూ అందరూ వేయించుకున్నారు, మావాడికి ఏమీ కాదు’ అనుకోవడం సరికాదు.

తవక్కుల్, జాగ్రత్త

కొందరు సోదరులు ‘రోగం ఇచ్చేది, తగ్గించేది అల్లాహ్ అయినప్పుడు సూదులు ఎందుకు?’ అంటారు. అంటువ్యాధి అనేది లేదన్న హదీసును కూడా చూపుతారు. ఆ హదీసు సహీ గ్రంథాలలో ఉన్న మాట నిజమే. అయితే జబ్బు పశువులను ఆరోగ్యంగా ఉన్నవాటితో కలపవద్దని, కుష్ఠరోగికి దూరంగా ఉండమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించినట్లు కూడా హదీసులున్నాయి. బైహఖీ, ఇబ్నుస్సలాహ్ వంటి పండితులు ఈ రెంటిని ఇలా సమన్వయపరచారు : రోగం దైవాజ్ఞతో పనిలేకుండా తనంతట తానే వ్యాపిస్తుందన్న అజ్ఞానకాలపు నమ్మకాన్ని మొదటి హదీసు ఖండిస్తున్నది. కారణాల పట్ల జాగ్రత్త వహించమని రెండవ తరగతి హదీసులు నేర్పుతున్నాయి.

హిజ్రీ 18 ప్రాంతంలో సిరియాలో అమ్‌వాస్ ప్లేగు చెలరేగినప్పటి ఉదంతం అందరికీ తెలిసినదే. హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటికి వచ్చి, సంగతి విని, సహాబీలతో సంప్రదించి వెనుదిరగడానికి నిశ్చయించారు. ఇది దైవ నిర్ణయం నుండి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక దైవ నిర్ణయం నుండి మరొక దైవ నిర్ణయం వైపే వెళ్తున్నామని ఖలీఫా సమాధానమిచ్చారు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళవద్దు, అది ఉన్న ఊరిలో ఉంటే బయటికి పారిపోవద్దు అన్న ప్రవక్త (స) ఆదేశాన్ని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అప్పుడే వినిపించారు. వెనిస్‌లో ఓడలు ఆపడానికి ఎన్నో శతాబ్దాల ముందటి మాట ఇది.

ఈ దారిలోనే మన వైద్యులు నడిచారు. మశూచి వేరు, తట్టు వేరు అని గుర్తులతో సహా అబూబక్ర్ రాజీ ప్రత్యేక గ్రంథం వ్రాశాడు. పద్నాలుగవ శతాబ్దపు ప్లేగులో గ్రెనడాకు చెందిన ఇబ్నుల్ ఖతీబ్, రోగులతో కలిసినవారికి జబ్బు రావడం, దూరంగా ఉన్నవారు క్షేమంగా ఉండటం అనుభవంలో కనిపిస్తున్నదని ధైర్యంగా వాదించాడు. ఒంటెను కట్టివేసి ఆ తరువాత దైవంపై భారం వేయమన్న బోధ మనకు ఉన్నది. సూది వేయించడం ఒంటెను కట్టడమే.

మనం చేయవలసినవి

ప్రభుత్వ పద్ధతి ప్రకారం కంఠసర్పి రక్షణ గల సూదులు బిడ్డకు 6, 10, 14 వారాలకు మూడు, 16 - 24 నెలల మధ్య మొదటి బూస్టరు, 5 - 6 ఏళ్ళకు రెండవ బూస్టరు వేయాలి. ఆపైన 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు టి.డి. సూది. గర్భిణులకు ఇదివరకటి టి.టి.కి బదులు ఇప్పుడు టి.డి. ఇస్తున్నారు. ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. మధ్యలో ఒకటి తప్పిపోతే మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టనక్కరలేదు. ఆగిన చోటి నుండి కొనసాగించవచ్చు. సూది వేసిన చోట నొప్పి, వాపు, ఒకటి రెండు రోజుల జ్వరం సాధారణం. అందుకు భయపడి తరువాతి సూది మానకూడదు.

పదేళ్ళ సూది, పదహారేళ్ళ సూది బడిలో వేస్తుంటారు. బడి మాన్పించిన ఆడపిల్లకు ఆ రెండూ తప్పిపోతాయి. ఆమెను ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవడం తండ్రి, అన్నల బాధ్యత.

మదర్సాలలో, వసతి గృహాలలో పిల్లవాడిని చేర్చుకునేటప్పుడు టీకా కార్డు అడిగి చూడటం నిర్వాహకులకు కష్టమైన పని కాదు. లోటున్న పిల్లల పేర్లు వ్రాసి ఊరి ఆరోగ్య కార్యకర్తకు ఇస్తే ఒక్క రోజులో పని పూర్తవుతుంది. మస్జిద్ కమిటీవారు జుమా రోజున ఈ సంగతి ప్రకటింపజేస్తే వినేవారు ఎందరో ఉంటారు.

గొంతు నొప్పితో బాధపడే పిల్లవాడి గొంతులో పొర కనిపించినా, మెడ వాచినా, ఊపిరి కష్టమైనా ఇంటి వైద్యంతో కాలం గడపరాదు. పొరను వేలితో గాని, గుడ్డతో గాని గీకరాదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అతనితో దగ్గరగా మెలిగినవారందరు వైద్యుని సలహాతో మందులు వాడాలి, సూది వేయించుకోవాలి. రోగిని పరామర్శించడం పుణ్యకార్యమే. కాని ఇలాంటి రోగి గదిలో బంధువులు గుమికూడితే పరామర్శకు వచ్చినవారే రోగాన్ని మోసుకుపోతారు. గడప బయట నుండి క్షేమం అడిగి, దుఆ చేసి, ఆ ఇంటికి అన్నం పంపడం మేలు.

ఈ రాత్రి పిల్లలు నిద్రపోయాక, బీరువాలో, బట్టల కింద ఎక్కడో ఉన్న టీకా కార్డును బయటికి తీయండి. అందులో అయిదేళ్ళ గడి, పదేళ్ళ గడి, పదహారేళ్ళ గడి నిండి ఉన్నాయో లేదో చూడండి. ఆ వయసు వచ్చినా ఖాళీగా ఉంటే, రేపే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి.